హార్డ్ లాకప్ అంటే హార్డ్‌వేర్ పోయినట్టేనా? కెర్నెల్ వాచ్‌డాగ్ మీద అపోహలు - వాస్తవాలు

లాగ్‌లో 'హార్డ్ లాకప్' అన్న మాట కనబడగానే వచ్చే ఫోన్ దాదాపు ఒకేలా ఉంటుంది. "బోర్డు పోయినట్టుందండీ, మార్పించేయమంటారా?" లినక్స్ డ్రైవర్ల పనిలో ఉన్నన్నాళ్లూ ఇది ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ మాట లాగ్‌లో రాసేది కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ మూల ప్రోగ్రామ్) లోపలి వాచ్‌డాగ్, అంటే ఏ సీపీయూ అయినా బిగుసుకుపోయిందా అని కాపలా కాసే భాగం. కాబట్టి దీంతోనే మొదలుపెడతా.

అపోహ: హార్డ్ లాకప్ అంటే హార్డ్‌వేర్ చెడిపోయిందని అర్థం

కాదు. ఒక సీపీయూ కెర్నెల్ కోడ్‌లోనే తిరుగుతూ, వేరే పనులకు చోటివ్వకపోయినా ఇంటరప్ట్‌లు (చేస్తున్న పని ఆపి తమ సంగతి చూడమనే పిలుపులు) మాత్రం తీసుకుంటూ ఉంటే అది సాఫ్ట్ లాకప్. ఇంటరప్ట్‌లు కూడా తీసుకోకుండా బిగుసుకుపోతే హార్డ్ లాకప్. మామూలుగా హార్డ్‌కి గడువు 10 సెకన్లు, సాఫ్ట్‌కి దానికి రెట్టింపు.

ఓసారి ఒక క్లయింట్ సర్వర్ ఇలాగే ఆగింది. డ్రైవర్ తెరిచి చూస్తే తప్పు నాలుగు లైన్లలో ఉంది. ఇంటరప్ట్‌లు ఆపి, స్పిన్‌లాక్ (ఇంకెవరూ మధ్యలో దూరకుండా వేసే తాళం) పట్టుకుని, తాను నడిపే కార్డు స్థితిని చూపించే రిజిస్టర్‌లో బిజీ బిట్ సున్నా అయ్యేదాకా వైల్ లూప్‌లో చదువుతూ ఉంటుంది. ఆ రోజు కార్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ (కార్డుని బోర్డుకి కలిపే దారి) నుంచి ఊడిపోయింది. అలా పోయిన కార్డుని చదివితే సాధారణంగా ఎర్రర్ రాదు, అన్ని బిట్లూ ఒకట్లే వస్తాయి. బిజీ బిట్ కూడా ఒకటే! ఇక ఆ లూప్ ఎప్పటికి తెమిలేను? కార్డు పోయిన మాట నిజమే, కానీ మెషీన్‌ని పడగొట్టింది మాత్రం గడువు లేని ఆ లూప్. కార్డు మార్చి చేతులు దులుపుకుంటే అది అలాగే ఉండిపోయేది.

అపోహ: ఎన్ఎంఐ లేకుండా హార్డ్ లాకప్‌ని పట్టుకోలేం

ఎన్ఎంఐ (నాన్ మాస్కబుల్ ఇంటరప్ట్) అంటే ఆపినా ఆగని ఇంటరప్ట్. చాలా ఏళ్లు నేనూ ఇదే అనుకున్నా. పాత పద్ధతి అలాంటిది మరి. ప్రతి సీపీయూలో 4 సెకన్లకోసారి ఒక టైమర్ మోగి ఒక లెక్కను ఒకటి పెంచుతుంది. ఇంకోపక్క పెర్ఫ్ కౌంటర్ (సీపీయూ పనితీరు కొలిచే మీటర్ లాంటిది) ఒకటి క్లాక్ సైకిళ్లు లెక్కపెట్టుకుంటూ, సుమారు 10 సెకన్లకోసారి ఎన్ఎంఐ కొడుతుంది. వచ్చి చూసేసరికి టైమర్ లెక్క కదల్లేదంటే ఆ సీపీయూ బిగుసుకుపోయినట్టే.

బాగానే ఉంది, కానీ దీనికి ఖర్చుంది. కౌంటర్లు ఉండేవే కొన్ని, అందులో ఒకదాన్ని ఇది ఎప్పటికీ ఆక్రమించుకుంటుంది. పైగా లెక్కపెట్టేది సైకిళ్లని, సెకన్లని కాదు. టర్బోలో, అంటే మామూలును మించిన వేగంలో, సీపీయూ పరుగెత్తితే ఎన్ఎంఐ ముందే వచ్చేస్తుంది. మామూలు వేగానికి రెండున్నర రెట్లు దాటితే 4 సెకన్ల టైమర్ ఒక్కసారి మోగేలోపే ఎన్ఎంఐ రెండుసార్లు రావచ్చు. అప్పుడు ఏ తప్పూ లేని సీపీయూ మీద నింద పడుతుంది. దీన్ని ఆపడానికి 2017లో టైమ్ కూడా సరిచూసే తనిఖీ చేర్చారు. ఇక 64 బిట్ ఆర్మ్ చిప్‌లలో చాలావాటికి అసలు ఎన్ఎంఐయే లేదు. ఇంటరప్ట్ ప్రయారిటీలతో నడిచే సూడో ఎన్ఎంఐ ఉన్నా, బూట్‌లో ప్రత్యేకంగా ఆన్ చేసుకోవాలి.

2023లో లినక్స్ 6.5తో వచ్చిన బడ్డీ డిటెక్టర్ ఈ లెక్కే మార్చేసింది. కోలిన్ క్రాస్ అనే డెవలపర్ ఎప్పుడో రాసిన ప్యాచ్ (కోడ్ మార్పు) ఆధారంగా డగ్లస్ ఆండర్సన్ అనే మరో డెవలపర్ దాన్ని మెయిన్‌లైన్‌లోకి, అంటే అసలు లినక్స్ కోడ్‌లోకి, తెచ్చారు. ఆలోచన ఎంత తేలికో చూడండి: పక్కింటివాళ్లు మనిల్లు ఓ కంట కనిపెట్టినట్టు, 0వ సీపీయూ 1ని, 1వది 2ని, చివరిది మళ్లీ 0ని చూస్తాయి. తన టైమర్ మూడుసార్లు మోగగానే, అంటే 12 సెకన్లకి, పక్కదాని లెక్క కదిలిందో లేదో చూస్తుంది. పెర్ఫ్ కౌంటర్ అక్కర్లేదు, ఎన్ఎంఐ అక్కర్లేదు.

అపోహ: కాపలా కాసేది కూడా పడిపోతే ఇక దిక్కులేదు

1, 2 రెండూ బిగుసుకుపోయాయనుకుందాం. 2 సంగతి చెప్పేవాళ్లు లేరు, నిజమే. కానీ 1 సంగతి 0 చెబుతుంది. గొలుసులో ఒక్కటి బతికున్నా కనీసం ఒక లాకప్ బయటపడుతుంది. అన్నీ ఒకేసారి పోతేనే మౌనం. ఒకే సీపీయూ ఉన్న మెషీన్‌లో ఇది ఎలాగూ పనిచేయదు.

నన్నడిగితే అసలు చిక్కు వేరే ఉంది. లాకప్‌ని కనిపెట్టడం వేరు, దాని సాక్ష్యం చేజిక్కడం వేరు. బిగుసుకున్న సీపీయూ ఏ ఫంక్షన్‌లో ఉందో తెలియాలంటే అదే తన స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వచ్చిందో చూపే జాబితా) ఇవ్వాలి. ఇంటరప్ట్‌లు మూసుకున్నదాన్ని అడగాలంటే మళ్లీ ఎన్ఎంఐయే దారి. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) చిప్‌లలో ఇబ్బంది లేదు. సూడో ఎన్ఎంఐ ఆన్ చేయని ఆర్మ్ బోర్డులో మాత్రం 'ఫలానా సీపీయూ పోయింది' అన్న ఒక్క ముక్కే మిగలొచ్చు. ఇంకో మాట. బడ్డీ రిపోర్ట్ లైన్‌లో సీపీయూ నంబర్లు రెండుంటాయి. మొదటిది చూసినదానిది, చివరిది పడిపోయినదానిది. కొత్తవాళ్లు మొదటి నంబర్ పట్టుకుని సగం రోజు తవ్వుతారు. నేనూ తవ్వాను లెండి.

అపోహ: వాచ్‌డాగ్ ఆపేస్తే సిస్టమ్ వేగం పెరుగుతుంది

పది సెకన్లకో ఎన్ఎంఐ తగ్గితే మామూలు సర్వర్‌లో తేడా తెలియదు. దక్కేది ఒక పెర్ఫ్ కౌంటర్, అంతే. పనితీరు కొలిచే పెర్ఫ్ స్టాట్ కమాండ్ కూడా కౌంటర్లు చాలనప్పుడు వాచ్‌డాగ్ ఆపమనే సలహా ఇస్తుంది. కొలతలు తీసే రోజు ఆపుకోండి, తర్వాత మళ్లీ ఆన్ చేయండి.

అపోహ: లాకప్ దొరికితే మెషీన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది

సెట్టింగ్‌ని బట్టి. హార్డ్‌లాకప్ ప్యానిక్ (లాకప్ దొరకగానే కెర్నెల్‌ని ఆపేసే సెట్టింగ్) ఆన్‌లో లేకపోతే లాగ్‌లో మెసేజ్ పడి ఊరుకుంటుంది. ఆన్‌లో ఉన్నా, కేడంప్ (కెర్నెల్ పడిపోయినప్పుడు మెమరీని భద్రపరిచే ఏర్పాటు) లేకుండా, కెర్నెల్ ప్యానిక్ టైమ్‌అవుట్ (ఎన్ని సెకన్లకి రీస్టార్ట్ కావాలో చెప్పే అంకె) 0గా ఉంటే అక్కడే నిలబడిపోతుంది. బోర్డు మీద చిప్ రూపంలో ఉండి మెషీన్‌ని రీసెట్ చేసే హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ పూర్తిగా వేరే సంగతి.

అపోహ: వర్చువల్ మెషీన్‌లో సాఫ్ట్ లాకప్ వచ్చిందంటే గెస్ట్ కెర్నెల్‌లో బగ్ ఉన్నట్టే

హోస్ట్ (వర్చువల్ మెషీన్‌ని, అంటే గెస్ట్‌ని, నడిపే అసలు మెషీన్) దాని వర్చువల్ సీపీయూకి 20 సెకన్ల పాటు వంతు ఇవ్వకపోయినా అదే మెసేజ్ రావచ్చు. కేవీఎం (లినక్స్‌లోని వర్చువల్ మెషీన్ వ్యవస్థ) గెస్ట్‌లలో హార్డ్ లాకప్ డిటెక్టర్‌ని ముందునుంచే ఆఫ్‌లో ఉంచేది కూడా ఇలాంటి తప్పుడు అలారాల భయంతోనే. గడువు పెంచేసి మెసేజ్‌లు రాకుండా చేసేవాళ్లని చూశాను. అంతకంటే ముందు టాప్ కమాండ్ తెరిచి, ఎస్‌టీ దగ్గర కనబడే స్టీల్ అంకె (హోస్ట్ వంతు ఇవ్వక గెస్ట్ పోగొట్టుకున్న సమయం) ఎంతుందో చూడండి.