వావిలి కట్టె ఎట్లా నాటాలంటే

చిన్నోడికీ, పాపకూ జేజి దీవెనలు.

మే నెలలో మీ అత్తకు బాలింత స్నానం పోయించేటప్పుడు కాగులో వేసిన ఆకు ఏందని అడిగితిరి. పాప ముక్కు మూసుకొని వాకిట్లోకి పరిగెత్తింది. చిన్నోడు మాత్రం బెంగళూరుకు పోయేటప్పుడు రెండు కొమ్మలు విరుచుకొని సంచిలో పెట్టుకున్నాడు. అవి నాటితే వారానికే ఎండిపోయినాయని నిన్న ఫోన్లో చెప్పి బాధపడినాడు. వానికి నేను చెప్పియ్యక పోవడమే తప్పు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతారని ఉత్తరం రాస్తున్నా.

దాని పేరు వావిలి. హగరి ఏరు దాటి కన్నడం మాట్లాడే ఊర్లకు పోతే లక్కి గిడ అంటారు, తమిళులు నొచ్చి అంటారు. సంస్కృతంలో నిర్గుండి, సింధువారం. లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1753లో మొక్కలకు పేర్లు పెడుతూ దీనికి వైటెక్స్ నెగుండో అని పెట్టినాడు. ఆ నెగుండో అనేది మన దేశంలో పిలిచే పేరులోనుంచి తీసుకున్నదే. చవితినాడు వినాయకునికి వేసే ఇరవై ఒక్క పత్రుల్లో సింధువార పత్రం అని చదువుతారు కదా, అది ఇదే. బజారులో పత్రి అని ఏ ఆకైనా కట్టగట్టి ఇస్తారు, కాబట్టి గుర్తుపట్టడం మీరే నేర్చుకోవాల.

ఒక ఆకు తుంచి చేతిలో పెట్టుకోండి. ఒకే కాడకు అరచెయ్యి విప్పినట్టు ఐదు రెబ్బలుంటాయి. నడిమిది పొడుగు, దాని పక్కవి రెండూ కొంచెం పొట్టి, అడుగువి రెండూ చిటికెన వేలంత. కొన్ని కాడలకు మూడే ఉంటాయి. పైన పచ్చగా ఉంటుంది, తిప్పి చూస్తే విబూది రాసినట్టు తెల్లగా ఉంటుంది. గాలి వీస్తే పొద పొదంతా ఒక్కసారి తెల్లబడుతుంది. వంకలో ఎంత దూరంలో ఉన్నా నేను అట్లే కనుక్కుంటా. కొమ్మల కొసన ఊదారంగు చిన్న పూలు గుత్తులుగా వస్తాయి. పూసినప్పుడు దగ్గరికి పోయి నిలబడితే తేనెటీగల రొద వినబడుతుంది.

ఆ ఆకు వేసి కాచిన నీళ్లు బాలింతకు ఒళ్లు నొప్పులు తీస్తాయని మా పెద్దోళ్ల మాట. పడిశం పట్టినప్పుడు ఆవిరి పట్టుకుంటాం. మోకాలు వాస్తే ఆకును ఆముదంలో వెచ్చజేసి కడతాం. మా అమ్మ కందులకు, ఉలవలకు పురుగు పట్టకుండా ఎండిన వావిలాకు పొరలు పొరలుగా వేసి కుండల్లో దాచేది. ఇవన్నీ ఒంటికి బయట వాడేవి. కషాయం కాచి తాగేది మాత్రం డాక్టరును అడగకుండా వద్దు, కడుపుతో ఉన్నవాళ్లు అసలే వద్దు. ఆవిరి పట్టేటప్పుడు కూడా పెద్దవాళ్లు పక్కన ఉండాల, మసిలే నీళ్లు మీద పడితే వావిలి ఏం చేస్తుంది?

ఇంక నాటేది. చిన్నోడు విరిచింది కొస కొమ్మ, పైగా మే నెల ఎండ. లేత కొమ్మలో సత్తువ ఉండదు, దానికున్న ఆకులే దాని తడినంతా లాగేస్తాయి. పోయినేడు పెరిగి గట్టిపడిన కొమ్మను, పెన్సిలంత లావుది చూసుకోవాల. జానెడు పొడుగు, మూడు నాలుగు కణుపులు ఉండేట్టు కోయాల. కింది కోత కణుపుకు కాస్త దిగువన, ఏటవాలుగా. ఆకులన్నీ దూసేయండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున చిల్లులున్న సంచిలో రెండు కణుపులు మునిగేట్టు గుచ్చి నీడన పెట్టండి. మట్టి తడిగా ఉంటే చాలు, బురద కారాదు. వావిలి నీళ్లు లేక చచ్చేదానికంటే ఇట్లా ముద్దు చేస్తే కుళ్లి చచ్చేదే ఎక్కువ.

ఒక మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. పదిహేను రోజులకు చిగురు వస్తుంది. వచ్చిందని సంబరపడి ఎండలో పెట్టొద్దు. ఆ చిగురు కట్టెలో దాచుకున్న సత్తువతో వచ్చింది, కింద ఇంకా వేరు ఉండకపోవచ్చు. వేరు పడిందా అని పీకి చూడొద్దు, పాపా, నీకే చెబుతున్నా. నెల దాటి, కొత్త ఆకులు రెండు మూడు జతలు నిలిచినంక మెల్లగా ఎండకు అలవాటు చేయండి.

మన అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే గొప్ప, అందులో గట్టి వాన సెప్టెంబరుదే. అందుకని మేము ఆరుద్ర కార్తెలో సంచుల్లో పెట్టి, సెప్టెంబరులో గెనిమ మీదికి, అంటే చేని గట్టు మీదికి, మారుస్తాం. మూరెడు దూరానికొకటి నాటితే రెండేండ్లకు కంచె అవుతుంది. మేకలు ఒకసారి మూతి పెట్టి వాసనకు వదిలేస్తాయి. నరికినా మోడు నుంచి మళ్లా చిగురేస్తుంది.

నాలుగేండ్ల కిందట చేను చదును చేయిస్తూ, అడ్డమొస్తోందని గెనిమ మీద వావిలి వరసంతా మిషన్‌తో పీకించినాం. మీ తాత వద్దంటానే ఉన్నాడు, నేనే వినలేదు. మరుసటి వానకు ఆ గెనిమ రెండు చోట్ల తెగి ఎర్రమట్టి అంతా వంకలోకి కొట్టుకపోయింది. ఆ మట్టిని పట్టుకొని ఉన్నది ఆ వేర్లని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఇంటెనక మిగిలిన ఒక్క పొద నుంచి కట్టెలు తీసి నలభై సంచులు పెట్టినా. ముప్పై ఒకటి చిగురించినాయి.

మీ నాయన ఆదివారం బెంగళూరుకు వస్తాడు. ఆరు కట్టెలు తడిగుడ్డలో చుట్టి ఇస్తున్నా. మొదలు వైపు ఎర్రదారం కట్టినా. ఆ వైపే మట్టిలోకి పోవాల.

మీ జేజి