స్కిజోఫ్రీనియా నిర్ధారణలో ‘నేను’ ఎలా తప్పిపోయింది

‘ఈ ఆలోచనలు నావి కావు, ఎవరో నా బుర్రలో పెడుతున్నారు. చెయ్యి కదిలింది కానీ కదిపింది నేను కాదు.’ ఒక మనిషి డాక్టరు ముందు కూర్చుని ఇలా చెబితే దానికి ఎంత విలువ ఇవ్వాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ఈ అనుభవాన్ని స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ప్రధాన లక్షణాల్లో విడిగా చేర్చింది. తనను తాను అనుభవించే తీరు దెబ్బతినడాన్ని జబ్బు నిర్వచనంలోనే పెట్టింది. ఇది 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అమెరికా సైకియాట్రిస్టుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 మాత్రం అదే మాటను మామూలు భ్రమల్లో ఒకటిగా చూస్తుంది. పైగా ఇలాంటి లక్షణాలకు అంతకు ముందున్న ప్రత్యేక విలువను 2013లో తీసేసింది. రెండు పుస్తకాలూ పక్కపక్కనే వాడుకలో ఉండటంతో, సైకోసిస్‌కు, అంటే వాస్తవంతో లంకె తెగిపోయే స్థితికి, మూలం ‘నేను’ అనే భావనలోనే ఉందా అన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది.

స్కిజోఫ్రీనియాకు ఆ పేరు ఎవరు పెట్టారు, మందులు ఎప్పుడొచ్చాయి అన్న సంగతులు చాలామందికి తెలిసినవే. ఇప్పటి తగాదా అర్థం కావాలంటే 1980 దగ్గర ఆగాలి. ఆ అమెరికా పుస్తకం మూడో కూర్పు డీఎస్ఎం-3 వచ్చిన ఏడాది అది.

అంతకు ముందు పరిస్థితి గందరగోళంగా ఉండేది. న్యూయార్క్ డాక్టర్లు స్కిజోఫ్రీనియా అని రాసే కేసుల్లో చాలావాటిని లండన్ డాక్టర్లు మరో జబ్బుగా రాసేవారు. మన ఆగ్రా కూడా ఒక కేంద్రంగా, తొమ్మిది నగరాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం నడిపింది. ఎక్కడి డాక్టరు చూసినా ఒకే జవాబు వచ్చే పద్ధతి కావాలన్నది అందరి పట్టుదల. జర్మన్ సైకియాట్రిస్టు కుర్ట్ ష్నైడర్ 1939లో ఇచ్చిన జాబితా అందుకు బాగా పనికొచ్చింది. తన గురించి వాదించుకునే గొంతులు, చేసే ప్రతి పనికీ వ్యాఖ్యానం చెప్పే గొంతు, ఆలోచనలను ఎవరో లాగేసుకోవడం, అవి ఊరందరికీ వినపడటం... అడిగి టిక్కు పెట్టడానికి వీలైనవన్నీ అందులో ఉన్నాయి.

జాబితా డీఎస్ఎం-3లోకి చేరింది. దాన్ని కలిపి ఉంచిన ఆలోచన మాత్రం బయటే ఉండిపోయింది. ఈ అనుభవాల్లో చాలావాటిలో ‘నాకు’, బయటి ప్రపంచానికి మధ్య ఉండే గోడ పలచబడుతుందని ష్నైడర్ గమనించాడు. ఆయన కంటే ముందే జర్మన్ సైకియాట్రిస్టు, తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ ఆ ‘నేను’ను విడమరిచి చూపించాడు. చేస్తున్నది నేనే, నేను ఒక్కడినే, నిన్నటి నేనే ఇవాళా ఉన్నాను, బయటిది నేను కాదు. సైకోసిస్‌లో ఈ నాలుగింటిలో ఏది సడలినా అనుభవం మొత్తం మారిపోతుంది. 1980 తర్వాత చదువుకున్న తరానికి ఇదంతా పరీక్షలో రాని పాఠమైంది. ఈ మాట బయటివాళ్లది కాదు. డీఎస్ఎం-3 కమిటీలో పనిచేసిన నాన్సీ ఆండ్రియాసెన్ 2007లో స్వయంగా రాశారు: రోగి అనుభవాన్ని లోతుగా వినే చదువు అమెరికాలో చచ్చిపోయిందని, తాము కోరుకోని ఫలితమే అదని.

తిరుగుబాటు కోపెన్‌హాగెన్ నుంచి వచ్చింది. అక్కడి సైకియాట్రిస్టు యోసెఫ్ పార్నాస్, అమెరికాకు చెందిన సైకాలజిస్టు లూయిస్ సాస్‌తో కలిసి 2003లో తన వాదన ముందుపెట్టారు. గొంతులు, భ్రమలు చివర్లో కనిపించేవని, ‘ఇది నా అనుభవమే’ అన్న అట్టడుగు భావన వాటికంటే చాలా ముందే వదులవుతుందని. 2005లో పార్నాస్ బృందం 57 అంశాల ఇంటర్వ్యూ పద్ధతిని తెచ్చింది. అందులో అడిగేవి వింటే మామూలు విషయాల్లాగే ఉంటాయి. ఇక్కడ పూర్తిగా లేనట్టు అనిపిస్తోందా? మీ ఆలోచనలను బయట నిలబడి చూస్తున్నట్టు ఉంటోందా? అద్దంలో ముఖాన్ని పదేపదే చూసుకోవాల్సి వస్తోందా? 1971లో జర్మన్ సైకియాట్రిస్టు వోల్ఫ్‌గాంగ్ బ్లాంకెన్‌బుర్గ్ వివరించిన ఒక యువతికి ఒక్క గొంతూ వినిపించలేదు. ఇతరులకు అడక్కుండానే తెలిసే చిన్న చిన్న సంగతులు తనకు తెలియడం లేదన్నదే ఆమె బాధ. లక్షణాల జాబితా పట్టుకుంటే ఆమె దొరకదు. సైకోసిస్ ముప్పు ఉన్న యువతను చూసిన మెల్‌బోర్న్ పరిశోధకులు కూడా, ఈ భావన ఎక్కువగా దెబ్బతిన్నవారిలోనే జబ్బు బయటపడే అవకాశం ఎక్కువని గుర్తించారు.

ఈ లక్షణాలకు ప్రత్యేక విలువ అక్కర్లేదనే అవతలి పక్షానికీ ఆధారాలున్నాయి. వైద్య పరిశోధనలను గుదిగుచ్చి చూసే కాక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్షలో ష్నైడర్ లక్షణాలు స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో 57 శాతం మందినే పట్టాయి. లండన్‌లో మెదడు పరిశోధకుడు క్రిస్ ఫ్రిత్ బృందం ‘నేను’ను తాత్వికంగా కాక, మెదడు తన కదలికలను ముందే అంచనా వేసుకునే యంత్రాంగంగా చూసింది. అరచేతిని స్పాంజితో మనమే రాసుకుంటే పెద్దగా తెలియదు, మరొకరు రాస్తే గిలిగింత. గొంతులు వినేవారిలో, తమను ఎవరో నడిపిస్తున్నారనే వారిలో ఆ తేడా కనిపించలేదు. ఇది పార్నాస్ మాటను కొట్టేసేది కాదు, మరో మెట్టు మీద నిలబెట్టేదే అనిపిస్తుంది.

మన దగ్గరికొస్తే, 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో చెన్నై, ఘనాలోని అక్రా, కాలిఫోర్నియాల్లో గొంతులు వినిపించే రోగులను ఇరవై మంది చొప్పున మాట్లాడించారు. చెన్నైలో 11 మందికి వినిపించినవి ఇంటివాళ్ల గొంతులు. ఈ పని చెయ్యి, ఆ పని చెయ్యి అని పురమాయించేవి. అమెరికన్లకు అదే అనుభవం మనసు మీద దాడిలా అనిపించింది. ‘నేను’ అంటే ఒంటరి మనిషా, చుట్టాల మధ్య మనిషా అన్నదాన్ని బట్టి లక్షణం రూపమే మారుతోందన్నమాట.

మన దేశంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 జబ్బు నిర్ధారణ ప్రమాణాల్లో ఐసీడీ తాజా కూర్పును పేరు పెట్టి చెప్పింది. కాబట్టి ఈ చర్చ హైదరాబాద్, విశాఖ ఓపీల దాకా వస్తుంది. అక్కడ సాధారణంగా మొదట మాట్లాడేది రోగి కాదు, వెంట వచ్చిన అమ్మో అన్నో. నిద్రపోడు, తనలో తనే మాట్లాడుకుంటాడు, అన్నం విసిరేశాడు... కంటికి కనిపించినవే కేస్ షీట్‌కెక్కుతాయి. చెయ్యి కదిపింది తను కాదన్న సంగతి అమ్మకు కనిపించేది కాదు. దాన్ని రోగినే, విడిగా కూర్చోబెట్టి, వాళ్ల తెలుగులో అడగాలి. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఆ సమయం ఎక్కడి నుంచి తెస్తారో ఐసీడీ-11 అమలు గురించి మాట్లాడేవారు చెప్పాలి.