టైటిల్ 6లో మతం లేదు, అయినా యూదు విద్యార్థికి రక్షణ ఉంది: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో వివక్షపై వచ్చే ఫిర్యాదులను విచారించే కార్యాలయంలో నేను పనిచేస్తున్నాను. ఈ మధ్య మా క్యాంపస్‌కు ఒక పౌర హక్కుల నాయకుడు వచ్చి, యూదు వ్యతిరేకతను ఎదుర్కోవడం గురించి ప్రసంగించారు. సభ ముగిశాక విద్యార్థులే కాక ఒకరిద్దరు అధ్యాపకులు కూడా నా దగ్గరకు వచ్చి అడిగినవి ఎప్పుడూ వినే ప్రశ్నలే. వాటిలో ఒక అపోహ వల్ల ఏటా ఎవరో ఒకరు నష్టపోతూనే ఉన్నారు కనుక, ముందుగా దాని సంగతే చెబుతాను.

అపోహ: 1964 నాటి పౌర హక్కుల చట్టంలోని ఆరో భాగమైన టైటిల్ 6లో మతం ప్రస్తావన లేదు కాబట్టి యూదు విద్యార్థి ఫిర్యాదు చెల్లదు.

వాస్తవం: ప్రస్తావన లేదన్నంత వరకు నిజమే. ఫెడరల్ నిధులు తీసుకునే సంస్థలు జాతి, రంగు, జాతీయ మూలం ఆధారంగా వివక్ష చూపరాదని మాత్రమే అందులో ఉంది. అయితే ఒక విద్యార్థిని అతని ఆరాధనా పద్ధతిని బట్టి కాక, ఫలానా వంశపరంపరకు చెందినవాడని వేధించినప్పుడు అది జాతి, జాతీయ మూలాల కిందికే వస్తుంది. ఈ ఆలోచనకు పునాది 1987లోనే పడింది. మేరీల్యాండ్‌లో ఒక యూదు ప్రార్థనా మందిరం గోడల మీద నాజీ గుర్తులు, దూషణలు రాసిన ఉదంతంపై వచ్చిన షారే టెఫిలా కేసులో, యూదులను నేడు ప్రత్యేక జాతిగా పరిగణిస్తున్నామా లేదా అన్నది ప్రశ్నే కాదని, జాతి వివక్షను నిషేధిస్తూ 1866లో పౌర హక్కుల చట్టం చేసిన తరం వారిని అలా చూసింది కాబట్టి ఆ చట్టం వారికి వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. అరబ్బు మూలాలున్న ఒక అధ్యాపకుడికి సంబంధించిన కేసులోనూ అదే రోజున అదే తర్కంతో తీర్పు వచ్చింది. ఈ తర్కాన్ని టైటిల్ 6కు అన్వయిస్తూ విద్యాశాఖ పౌర హక్కుల కార్యాలయం 2004లో, అప్పటి అధికారి కెనెత్ మార్కస్ హయాంలో, లేఖలు రాసింది. 2010లో ఒబామా ప్రభుత్వం దాన్నే మరింత స్పష్టంగా చెప్పింది. 2019లో ట్రంప్ కార్యనిర్వాహక ఉత్తర్వు, 2023లో బైడెన్ ప్రభుత్వం పంపిన లేఖలు కూడా ఆ దారిలోనే నడిచాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ‘మతం కదా, మీరు పట్టించుకోరట’ అన్న మాట వినబడితే నాకు విసుగు రాక మానదు.

ఆ విసుగు విద్యార్థుల మీద కాదు. హాస్టల్ గది ద్వారబంధానికి మెజూజా (పవిత్ర వాక్యాలు రాసిన తోలుకాగితం లోపల ఉంచి యూదులు గుమ్మానికి అమర్చుకునే చిన్న గొట్టం) పెట్టుకున్న ఒక అమ్మాయి, దాన్ని ఎవరో పీకి నేల మీద పడేస్తే, చిట్లిన ఆ చిన్న గొట్టాన్ని, మడత నలిగిన తోలుకాగితాన్ని టిష్యూలో చుట్టి నా బల్ల మీద పెట్టింది. ‘అది మతవిషయం, ఎక్కడా నిలవదు’ అని తోటివారు చెప్పడంతో ఆమె ఒక సెమిస్టర్ మొత్తం ఊరుకుంది. ఆలోగా కారిడార్ కెమెరా దృశ్యాలు చెరిగిపోయాయి, పక్క గదివాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోయారు. విద్యాశాఖకు ఫిర్యాదు చేయడానికి సాధారణంగా ఘటన జరిగిన నాటి నుంచి 180 రోజులే గడువు. సరైన కారణం చూపితే సడలింపు ఇవ్వవచ్చు గాని, దాని మీద భరోసా పెట్టుకోవడం మంచిది కాదు.

ఈ సూత్రం యూదులకే పరిమితం కాదు. నుదుటి బొట్టును ఎగతాళి చేస్తూ ‘మీ దేశానికి పో’ అని వెంటపడితే మన తెలుగు విద్యార్థికీ, తలపాగాను బట్టి ఇంకెవరో అనుకుని వేధిస్తే సిక్కు విద్యార్థికీ ఇదే రక్షణ ఉంది. వేధించేవాడి అంచనా తప్పైనంత మాత్రాన రక్షణ పోదు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే చాలు, కేసవుతుందన్నది అపోహ. యూదు వ్యతిరేకత అంటే ఏమిటో చెప్పడానికి తరచూ ఉదహరించే, అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి (ఐహెచ్ఆర్ఏ) 2016లో ఆమోదించిన నిర్వచనమే, ఏ దేశాన్నైనా విమర్శించినట్టు ఇజ్రాయెల్‌ను విమర్శించడం యూదు వ్యతిరేకత కాదని చెబుతోంది. పైగా దానికి చట్టబద్ధత లేదని అందులోనే రాసి ఉంది. దాని తొలి ముసాయిదాకు ప్రధాన రచయిత అయిన కెనెత్ స్టెర్న్, క్యాంపస్ ప్రసంగాలను అదుపు చేయడానికి దాన్ని వాడటాన్ని బహిరంగంగానే వ్యతిరేకించారు. అలాగని ‘వాక్ స్వాతంత్ర్యం’ అనేసి విశ్వవిద్యాలయం చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు. మాట్లాడినవారిని శిక్షించలేకపోయినా, బాధితుడికి అండగా నిలవడం, చదువు కుంటుపడకుండా చూడటం, ఆ ధోరణిని సంస్థ తరఫున ఖండించడం దాని చేతిలోనే ఉన్నాయి. ఇక మార్టిన్ లూథర్ కింగ్ ఒక ‘జియోనిస్టు వ్యతిరేక మిత్రుడికి’ (అంటే యూదులకు సొంత దేశం ఉండాలన్న ఉద్యమాన్ని వ్యతిరేకించే మిత్రుడికి) రాశారంటూ తిరిగే లేఖ నకిలీది. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

ఫిర్యాదు చేస్తే వీసా పోతుందేమోనని భయపడేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది. టైటిల్ 6 రక్షణకు పౌరసత్వంతో పని లేదు, ఫిర్యాదు చేసినందుకు సంస్థ ప్రతీకారం తీర్చుకోవడమూ నిషిద్ధమే. లాయరును పెట్టుకోనక్కర్లేదు, రుసుమూ లేదు. బాధితుడే రాయాలన్న నియమం కూడా లేదు, చూసినవారెవరైనా రాయవచ్చు. తేదీ, స్థలం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా అదే రోజు కాగితం మీద పెట్టి, ఫొటోలు తీసి, కెమెరా దృశ్యాలు భద్రపరచమని కోరుతూ హాస్టల్ కార్యాలయానికి ఒక ఈమెయిల్ పంపండి.