నెల పేరులోనే నక్షత్రం

తెలుగులో నెల అంటే చంద్రుడు. ముప్పై రోజుల లెక్కకూ అదే మాట. నెలవంక అన్నప్పుడు మొదటి అర్థం, నెల జీతం అన్నప్పుడు రెండోది. ఈ రెండూ కలిసే రాత్రి పున్నమి. పున్నమి చంద్రుడు చిత్త దగ్గరుంటే చైత్రం, విశాఖ దగ్గరైతే వైశాఖం, మఖ దగ్గరైతే మాఘం. ఈ నెల ఆకాశంలో ఏం చూడాలో గోడ మీది పంచాంగం క్యాలెండరే చెబుతోంది. మనం పండుగ తేదీ చూసుకుని వదిలేస్తున్నాం.

పున్నమి నాడు సూర్యుడూ చంద్రుడూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటారు. పడమట పొద్దు గుంకే వేళకు తూర్పున చంద్రుడు, దాదాపు అతనితోనే ఆ నెల నక్షత్రమూ పైకొస్తాయి. తెల్లారేదాకా కనిపిస్తాయి. అయితే నిండు వెన్నెల్లో చిన్న చుక్కలు వెలవెలబోతాయి. అందుకని పున్నమి వెళ్లిన మూడు నాలుగు రోజులకు, రాత్రి ఎనిమిది గంటలకు డాబా ఎక్కండి. చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి అప్పటికింకా చంద్రుడు రాడు. నక్షత్రం మాత్రం తూర్పున సిద్ధంగా ఉంటుంది.

మొదటిసారి చూడబోయేవాళ్లు కార్తీకంతో మొదలుపెట్టడం మేలు. వానలు తగ్గి ఆకాశం తేటపడి ఉంటుంది. తూర్పున పిడికెడు చుక్కలు ఒకచోట ముద్దగా కనిపిస్తే అవే కృత్తికలు. మామూలు కంటికి ఆరు ఆనుతాయి. కుమారస్వామికి పాలిచ్చిన తల్లులు ఆరుగురే కదా! బైనాక్యులర్స్ పెడితే పదుల కొద్దీ బయటపడతాయి. ఇవన్నీ ఒకే మేఘంలోంచి దాదాపు 10 కోట్ల ఏళ్ల క్రితం పుట్టిన తోబుట్టువులు. దూరం సుమారు 440 కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి మన కంట్లో పడే వెలుగు అక్కడ బయలుదేరేనాటికి 1591 నాటి చార్మినార్‌కు ఇంకా పునాది కూడా పడలేదు.

జ్యేష్ఠది ఎర్రటి వెలుగు. తేలు ఆకారంలో ఉండే వృశ్చిక రాశికి గుండెకాయలా ఉంటుంది. దాన్ని తెచ్చి మన సూర్యుడి చోట పెడితే భూమిని, అంగారకుణ్ణి కూడా మింగేసేంత పెద్దది. చిత్తను పట్టుకోవడం ఇంకా తేలిక: సప్తర్షుల తోక వంపును అలాగే పొడిగిస్తే ముందు నారింజ రంగు స్వాతి, తర్వాత తెల్లటి చిత్త తగులుతాయి. శ్రావణంలో మాత్రం చంద్రుడి పక్కన వెతికితే శ్రవణం దొరకదు. చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలితో కొలిస్తే దాదాపు మూడు పిడికిళ్లు ఉత్తరాన ఉంటుంది, అటూ ఇటూ రెండు చిన్న చుక్కలతో. మబ్బుల నెల కాబట్టి ఓపిక పట్టాలి.

ఒక్కో ఏడాది చంద్రుడు ఒక నక్షత్రం ముందో వెనకో ఉంటాడు. పన్నెండు చాంద్రమాన మాసాలకు 354 రోజులే. ఏటా సుమారు 11 రోజులు తరుగు పడుతుంది. అది నెల దాకా పెరిగినప్పుడు అధికమాసం వచ్చి సర్దుతుంది. 2026లో వచ్చిన అధిక జ్యేష్ఠం అలాంటిదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మృగశిర. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వచ్చిందంటాం. ఎండలు తగ్గుతాయి, రైతు దుక్కి వైపు చూస్తాడు. కార్తె సూర్యుడి లెక్క. సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్నాడని అర్థం. అందుకే ఆ రోజుల్లో మృగశిర పగటి వెలుగులో మునిగి అసలు కనబడదు. ఆరు నెలలు తిరిగేసరికి సూర్యుడు అవతలి వైపుకు వెళ్తాడు, మార్గశిర పున్నమి చంద్రుడు ఆ నక్షత్రం దగ్గరికి వస్తాడు. డిసెంబరు చలిలో తూర్పున వరసగా మూడు చుక్కలు, వాటికి ఎడమ పక్కన కాస్త దూరంలో ముక్కోణంలా మూడు సన్నటి చుక్కలు కనిపిస్తాయి. తొలకరికి పేరిచ్చిన మృగశిర ఆ ముక్కోణమే.