2008లో తప్పిన బండి: లైనక్స్ మామూలు జనానికి ఎందుకు చేరలేదు

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయాక లైనక్స్ మామూలు వాళ్లకు పనికొస్తుందా అనే పాత గొడవ మళ్లీ మొదలైంది. బ్రౌజర్, ఈమెయిల్, వీడియోలు అన్నీ సాఫీగా నడుస్తున్న కంప్యూటరే. కానీ టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ జాబితాలో లేదనో విండోస్ 11 దాన్ని తీసుకోనంటుంది. ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే 30 డాలర్లు కట్టాలని, లేదంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ సింక్ చేసుకోవాలని 2025లో చెప్పారు.

దాంతో విండోస్‌కు బదులు ఉచితంగా వేసుకోగల లైనక్స్ అభిమానులకు ఊపొచ్చింది. లైనక్స్‌కు డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ బృందం మొదలుపెట్టిన 'ఎండ్ ఆఫ్ 10' ప్రచారంలో డిస్ట్రోల (లైనక్స్‌ను రకరకాలుగా కూర్చి ఇచ్చే రూపాల) వాళ్లూ చేతులు కలిపారు. జోరిన్ ఓఎస్ అనే డిస్ట్రో అయితే తన 18వ వెర్షన్‌ను సరిగ్గా అదే అక్టోబర్ 14న విడుదల చేసింది. అవతలి వాళ్ల జవాబు ఎప్పటిదే: లైనక్స్ మామూలు వాళ్లకు పనికి రాదు, ఏదో ఒక రోజు నల్ల తెర ముందు కూర్చుని కమాండ్లు కొట్టక తప్పదు, ఇన్నేళ్లుగా సిద్ధం కానిది ఇప్పుడు ఎలా అవుతుంది?

ఆ "ఇన్నేళ్లు" ఎలా గడిచాయో చూడాలి. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి ఒకడు లైనక్స్ మొదలుపెట్టడం, పెంగ్విన్ బొమ్మ, ఇదంతా అందరూ చదివిందే కాబట్టి వదిలేద్దాం. నా లెక్కలో ఈ కథ 2007 అక్టోబర్‌లో మొదలై ఏడాదిన్నరలో తేలిపోయింది. తర్వాత జరిగిందంతా దాని పర్యవసానమే.

ఆ నెలలో ఆసుస్ కంపెనీ 'ఈ పీసీ 701' (Eee PC) అనే బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది. ఇలాంటివాటికే నెట్‌బుక్‌లని పేరు. 7 అంగుళాల స్క్రీన్, 512 ఎంబీ మెమరీ, ఎక్కువగా అమ్ముడైన మోడల్‌లో 4 జీబీ ఫ్లాష్ డిస్క్. ఆ ఏడాది జనవరిలోనే వచ్చిన విండోస్ విస్టా ఇందులో కాలు పెట్టలేదు. విస్టా హోమ్ ప్రీమియమ్‌కు 1 జీబీ మెమరీ, డిస్క్‌లో 15 జీబీ ఖాళీ కావాలి. అంతకు ముందరి విండోస్ ఎక్స్‌పీని 2008 జూన్ 30 తర్వాత అమ్మబోమని మైక్రోసాఫ్ట్ అప్పటికే గడువు పెట్టింది. అంటే కొత్త విండోస్ ఈ యంత్రంలో పట్టదు, పట్టే పాతదానికి రోజులు దగ్గరపడ్డాయి. ఆసుస్ లైనక్స్ పెట్టింది ప్రేమతో కాదు, గత్యంతరం లేక.

అయినా పెట్టిన పద్ధతి చూడండి. ఆన్ చేస్తే పైన ట్యాబ్‌లు కనిపించేవి: ఇంటర్నెట్, వర్క్, లెర్న్, ప్లే, సెట్టింగ్స్. ఒక్కో ట్యాబ్ కింద పెద్ద పెద్ద బొమ్మలు. ఫోల్డర్లు వెతుక్కునే పని లేదు. లోపల ఉన్నది డెబియన్ అనే డిస్ట్రో మీద కట్టిన జాండ్రోస్ లైనక్స్ అని కొన్నవాడికి తెలియాల్సిన అవసరమే లేదు. డబ్బా తెరిచి వాడుకోవడమే. శక్తిమంతమైన యూనిక్స్ తరహా వ్యవస్థ (లైనక్స్ ఆ తరహాదే) మామూలు మనిషి చేతికి ఇంత తేలిగ్గా అందడం మ్యాక్ ఓఎస్ ఎక్స్ తర్వాత ఇదే. పైగా దీని ధర మ్యాక్ ధరలో చిన్న ముక్క.

లోపాలు లేవని కాదు. అదే యంత్రంలో కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే ఆ నల్ల తెర, తెరుచుకునేది. పూర్తి డెస్క్‌టాప్ కావాలనుకున్నవాళ్లు అక్కడ ఆప్ట్-గెట్ కమాండ్‌తో కేఎస్ఎమ్‌సర్వర్, కికర్ అనే రెండు ప్యాకేజీలు వేసుకోవాలి. అవి వేశాకగానీ షట్‌డౌన్ మెనూలో "ఫుల్ డెస్క్‌టాప్" అనే ఆప్షన్ రాదు. ఒక్క బటన్ పెట్టి ఉంటే అయిపోయే పని. పెట్టలేదు. చిన్న పిల్లల ఆటబొమ్మలాంటి తెరకీ నిపుణుల టెర్మినల్‌కీ మధ్య మెట్టు లేదు. లైనక్స్ ప్రపంచానికి ఇది పాత జబ్బు.

మైక్రోసాఫ్ట్ త్వరగానే మేలుకుంది. 2008 ఏప్రిల్‌లో, గడువు ఇంకా మూడు నెలలు కూడా లేదనగా, చవక ల్యాప్‌టాప్‌ల కోసం ఎక్స్‌పీ హోమ్‌ను కొనసాగిస్తామని ప్రకటించింది. 2010 జూన్ 30 దాకా, లేదా తర్వాతి విండోస్ వచ్చాక ఇంకో ఏడాది దాకా, ఏది ఆలస్యమైతే అది. చంపేద్దామనుకున్న సరుకును బతికించింది, అదీ తక్కువ స్థాయి హార్డ్‌వేర్‌కే పరిమితం చేస్తూ. లైనక్స్ నెట్‌బుక్‌లు దారి చూపకపోతే ఎక్స్‌పీకి ఆ ఆయుష్షు దక్కేది కాదు. మరుసటి ఏడాదికి ఆసుస్ కూడా మైక్రోసాఫ్ట్‌తో కలిసి "ఇట్స్ బెటర్ విత్ విండోస్" అని ప్రచారం చేసింది. ఏడాదిన్నర ముందు లైనక్స్‌తో మార్కెట్ తెరిచిన కంపెనీ ఇదే!

2009 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ ఒక లెక్క బయటపెట్టింది. మార్కెట్ సంస్థ ఎన్పీడీ అంకెల ప్రకారం అమెరికాలో అమ్ముడైన నెట్‌బుక్‌లలో విండోస్ వాటా 2008 తొలి సగంలో 10 శాతం లోపు ఉండగా, 2009 ఫిబ్రవరికి 96 శాతానికి చేరిందని. "జనం లైనక్స్‌ను తిరస్కరించారు" అనే మాట అక్కడ పుట్టింది. ఈ రోజు వినిపిస్తున్నదీ అదే మాట.

దానికి ఆధారంగా చూపేది ఎంఎస్ఐ కంపెనీ అధికారి 2008 అక్టోబర్‌లో చెప్పిన విషయం. తమ విండ్ నెట్‌బుక్‌లలో ఎక్స్‌పీవాటితో పోలిస్తే లైనక్స్‌వి నాలుగు రెట్లు ఎక్కువగా వెనక్కి వస్తున్నాయని, కొన్నవాళ్లు తీరా తెరిచి చూసి ఇది తమకు అలవాటైనది కాదని తిరిగిచ్చేస్తున్నారని ఆయన అన్నారు. ఆ ఒక్క మాటను అందరూ పట్టుకున్నారు.

డెల్ చెప్పిందాన్ని మాత్రం పెద్దగా ఎవరూ గుర్తు చేయరు. 2009లో ఆ కంపెనీ ప్రతినిధులు రెండు విషయాలు చెప్పారు: తమ మినీ 9 నెట్‌బుక్‌లలో దాదాపు మూడో వంతు ఉబుంటు అనే లైనక్స్ డిస్ట్రోతోనే అమ్ముడవుతున్నాయి, వెనక్కి వచ్చే వాటి శాతంలో ఎక్స్‌పీకీ ఉబుంటుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే కాలం, ఒకే రకం వస్తువు. ఒకరికి నాలుగు రెట్లు, ఇంకొకరికి సమానం. జనమే లైనక్స్ వద్దన్నారంటే ఇద్దరి దగ్గరా ఒకేలా వద్దనాలి కదా?

తేడా అమ్మిన తీరులో ఉంది. డెల్ ఉబుంటును తన యంత్రానికి సరిపడేలా సర్దింది, కొనేవాడికి ఏం కొంటున్నాడో చెప్పింది. మిగతా చోట్ల ఎవరి గోల వాళ్లది. ఆసుస్‌లో జాండ్రోస్, ఏసర్ ఆస్పైర్ వన్‌లో లిన్పస్, ఎంఎస్ఐలో సూసే, హెచ్‌పీ మినీలో ఉబుంటు మీద కప్పిన సొంత తెర. పక్కింటివాడి లైనక్స్ నెట్‌బుక్‌లో ఉన్న ప్రోగ్రామ్ మన లైనక్స్ నెట్‌బుక్‌లో వేసుకోవడం అంత తేలిగ్గా కుదరదు. ఆ కంపెనీలకు అది లైసెన్స్ ఖర్చు తగ్గించే దారి, అంతే. సగం వండి వడ్డించి, తినేవాడికి ఆకలి లేదన్నట్టు ఉంది ఎంఎస్ఐ మాట.

ఈ లోపు "అసలు లైనక్స్ అప్పటికి సిద్ధంగా ఉందా" అనే ప్రశ్న వస్తుంది. దానికోసం 2004కి వెళ్లాలి. అంతకు ముందు తేలిక పేరుతో వచ్చిన లిండోస్ అనే డిస్ట్రో అందరినీ నేరుగా రూట్‌గానే, అంటే సర్వాధికారాలున్న అకౌంట్‌తోనే, లాగిన్ చేయించింది. అంటే పొరపాటున ఏ ఫైల్ తీసేసినా అడ్డుకునేవాళ్లు లేరు. పాతకాపులు అందుకే మండిపడ్డారు, అది న్యాయమైన కోపం. 2004 అక్టోబర్ 20న వచ్చిన ఉబుంటు 4.10 వేరే దారి పట్టింది. రూట్ అకౌంట్‌కు తాళం వేసి, అవసరమైనప్పుడు మన పాస్‌వర్డే అడిగే సుడో పద్ధతిని అందరికీ అలవాటు చేసింది. ఒకే సీడీ, ఒక్కో పనికి ఒకే ప్రోగ్రామ్. అంతవరకు డిస్ట్రోలంటే ఐదు టెక్స్ట్ ఎడిటర్లూ నాలుగు బ్రౌజర్లూ కుక్కి, ఎంచుకో అనడమే. ఆ ఎంపిక భారాన్ని ఉబుంటు మొదలుపెట్టిన మార్క్ షటిల్‌వర్త్ బృందం తన నెత్తిన వేసుకుంది. అడిగినవాళ్లకు సీడీని పోస్టులో ఉచితంగా పంపింది కూడా. వాళ్ల బగ్‌ల జాబితాలో మొదటి నంబర్ బగ్ ఏమిటంటే, మార్కెట్‌లో మైక్రోసాఫ్ట్‌దే మెజారిటీ వాటా అని. సరదాగా రాసిందే అయినా రోగం ఎక్కడుందో వాళ్లకు తెలుసు. అంటే 2008 నాటికి తెర మీద తేలికతనం చాలావరకు వచ్చేసింది. రానిది దుకాణం, అంటే యంత్రంతోపాటే వేసి అమ్మే ఏర్పాటు. అది తెరుచుకున్న ఏడాదిన్నరలోనే మళ్లీ మూసుకుంది.

దాని దెబ్బ తర్వాతి దశాబ్దం మీద పడింది. నెట్‌బుక్‌ల చిన్న తెర కోసం ఉబుంటు తయారు చేసుకున్న రూపమే యూనిటీ. 2010లో ఐప్యాడ్ వచ్చాక నెట్‌బుక్‌ల హవా తగ్గింది. యూనిటీ మాత్రం 2011 ఏప్రిల్‌లో 11.04 వెర్షన్‌తో పెద్ద డెస్క్‌టాప్‌ల మీదికొచ్చి కూర్చుంది. అదే నెలలో చాలా డిస్ట్రోలు వాడే డెస్క్‌టాప్ గ్నోమ్ 3 కూడా పాత మెనూలను ఎత్తేసింది. ఉన్న కొద్దిమంది వాడకందారులూ చెదిరిపోయారు, చాలామంది లైనక్స్ మింట్ వైపు నడిచారు. 2012లో ఉబుంటు వెతుకులాటలో అమెజాన్ ఫలితాలు చూపడంతో గొడవ ఇంకా ముదిరింది. చివరికి 2017లో యూనిటీని పక్కన పెట్టి గ్నోమ్‌కు తిరిగొచ్చారు. "తేలిక చేస్తామంటూ మా చేతుల్లోంచి లాగేసుకుంటున్నారు" అనేది పాతకాపుల వాదన. అమెజాన్ విషయంలో అది నూటికి నూరు పాళ్లూ నిజం. కానీ మెనూ మారిందని పెట్టిన గొడవ మామూలు వాడకందారుల కోసం పెట్టింది కాదు.

ఆ పట్టుదలకు డెబియన్ మంచి ఉదాహరణ. చాలా వైఫై చిప్‌లకు ఫర్మ్‌వేర్, అంటే చిప్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్, కావాలి. అది ఎవరైనా చూసి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి డెబియన్ తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేది కాదు. కేబుల్ పోర్ట్ లేని ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేయబోతే ఫర్మ్‌వేర్ ఫైల్ లేదని చెప్పి ఆగేది. ఫైల్ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే ఆ ఫైల్ కావాలి. సూత్రం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది, వాడేవాడే నడిరోడ్డున నిలబడ్డాడు. 2022లో డెవలపర్లు ఓటింగ్ పెట్టుకుని ఆ ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లో చేర్చాలని తేల్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఆ బాధ తప్పింది.

ఇప్పటి వాదనల్లో పదే పదే వచ్చే ఇంకో సంఘటన 2021 నాటిది. ఒక పేరున్న టెక్ యూట్యూబర్ పాప్ ఓఎస్ అనే లైనక్స్ డిస్ట్రోలో స్టీమ్ (ఆటలు కొని ఆడుకునే ప్రోగ్రామ్) వేయబోయాడు. ముందు గ్రాఫికల్ స్టోర్‌లో కుదరలేదు. టెర్మినల్‌లో ప్రయత్నిస్తే, కీలకమైన ప్యాకేజీలు పోతాయి, కానిమ్మంటే "ఎస్, డూ యాజ్ ఐ సే!" అని టైప్ చెయ్యమంది. చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం ఎగిరిపోయింది. హెచ్చరిక చదవకపోవడం వాడిదే తప్పని కొందరు ఇప్పటికీ అంటారు. అసలు స్టీమ్ వేసుకోవడానికి డెస్క్‌టాప్‌ను ఎందుకు తీసేయాలి? ఆ ప్యాకేజీల్లోని లోపాన్ని డిస్ట్రో వాళ్లు వెంటనే సరిచేశారు. తర్వాత ప్యాకేజీలు వేసే ఏపీటీ ప్రోగ్రామ్‌లో ఆ వాక్యం కొట్టి ముందుకెళ్లే దారినీ మూసేశారు. అంటే తప్పెవరిదో తయారుచేసినవాళ్లే తేల్చేశారు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టే ఆటల యంత్రం అమ్మడం మొదలుపెట్టింది. లోపల ఉన్నది ఆర్చ్ లైనక్స్ మీద కట్టిన స్టీమ్ ఓఎస్. ఆర్చ్ అంటే నిపుణులు కూడా ఆచితూచి అడుగుపెట్టే డిస్ట్రో. అయినా ఆటలాడుకునేవాళ్లు ఇది లైనక్సా అని తల పట్టుకోలేదు. విండోస్ ఆటలను లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ అనే ప్రోగ్రామ్ ద్వారా ఆటలు నడుస్తాయి, మూల ఫైళ్లు చెడకుండా సిస్టమ్ భాగం రీడ్-ఓన్లీగా ఉంటుంది. కావాలనుకున్నవాళ్లు డెస్క్‌టాప్ మోడ్‌కు వెళ్లి ఆ తాళం కూడా తీసుకోవచ్చు. ఆసుస్ 'ఈ పీసీ'లో లేని మధ్య మెట్టు ఇక్కడ ఉంది. అన్నిటికంటే ముఖ్యం, దీన్ని ఎవరూ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు విండోస్ 10 యంత్రం ముందు కూర్చున్న మనిషిని లైనక్స్ వేసుకోమంటే అతనికి మొదట ఎదురయ్యేది లైనక్స్ కాదు. ఇన్‌స్టాల్ చేసే సరుకంతా ఉన్న ఐఎస్ఓ ఫైల్ డౌన్‌లోడ్ చేయాలి, దాన్ని పెన్ డ్రైవ్‌కు మామూలుగా కాపీ చేస్తే కుదరదు, ప్రత్యేక ప్రోగ్రామ్‌తో రాయాలి. ఆన్ చేసేటప్పుడు ఎఫ్2నో ఎఫ్12నో నొక్కాలి, ఏది నొక్కాలో కంపెనీని బట్టి మారుతుంది. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ అడగొచ్చు. ఆ తర్వాత డిస్క్ మొత్తం తుడిచేయాలా అనే ప్రశ్న. ఇవన్నీ దాటాకే మింట్ బాగుందా, జోరిన్ బాగుందా అనే చర్చ. విండోస్‌ను సొంతంగా ఇన్‌స్టాల్ చేసుకోవలసి వచ్చినా చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కాకపోతే వాళ్లకు ఆ అవసరం రాదు.

వ్యక్తిగత వాడకందారులకు పొడిగించిన అప్‌డేట్ల గడువు మొదట 2026 అక్టోబర్ 13 దాకా అని పెట్టారు. 'ఎండ్ ఆఫ్ 10' వెబ్‌సైట్‌లో డిస్ట్రోల గొప్పలకంటే ఎక్కువ పనికొచ్చేది అందులోని చిరునామాల జాబితా: కంప్యూటర్ తీసుకెళ్తే లైనక్స్ వేసి ఇచ్చే రిపేర్ కేఫ్‌లు, చిన్న దుకాణాలు, స్థానిక బృందాలు.