చందా లెవీగా మారిన ఏడాది

బజారు బాగుకు వ్యాపారులే డబ్బు పెట్టుకోవాలన్న మాట మళ్లీ లేచింది. వెంటే పాత తగాదా కూడా: భారం ఎవరిది, షాపు నడిపేవాడిదా, ఓనర్‌దా?

ఈ పద్ధతి పుట్టింది కెనడాలోని టొరంటోలో, బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారులో. మాల్స్ వచ్చి బేరాలు పడిపోవడం అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం. (అక్కడ ఇంకో దెబ్బ కూడా తగిలింది. 1968లో సబ్‌వేను, అంటే నేల కింద నడిచే మెట్రో రైలును, పొడిగించాక, ట్రామ్ కిటికీలోంచి షాపులు చూస్తూ పోయే జనం నేల కిందకు దిగిపోయారు.)

అసలు మలుపు బజారు బాగుకు వేసుకునే చందా దగ్గర వచ్చింది. ఇష్టమైతే ఇవ్వండి అంటే కొందరే ఇస్తారు. వీధి దీపం మాత్రం ఇవ్వనివాడి గుమ్మం ముందు కూడా వెలుగుతుంది కదా! మన బజార్లలో గూర్ఖా జీతానికి షాపు షాపూ తిరిగినవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. అందుకే అక్కడి వ్యాపారులు అందరూ కట్టి తీరాలనే చట్టం కోరారు. టొరంటో ఉన్న అంటారియో రాష్ట్రం ఒప్పుకుంది. 1970లో టొరంటో నగర కౌన్సిల్ బైలా (స్థానిక చట్టం) చేసింది. అలా ఏర్పడిందే ప్రపంచంలో మొదటి బీఐఏ (బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ ఏరియా), అంటే అందరూ తప్పనిసరిగా డబ్బు కట్టి బాగు చేసుకునే బజారు. సిటీ ఆస్తి పన్నుతోపాటు లెవీ (తప్పనిసరి వసూలు) రాబట్టి బీఐఏను నడిపే బోర్డుకిస్తుంది. ఆ డబ్బుతో దీపాలు, పూలకుండీలు, బెంచీలు. ఇప్పుడు ఒక్క టొరంటోలోనే ఇలాంటివి 80కి పైగా ఉన్నాయి.

ఎగవేత ఆగింది. కానీ లెవీని ఆస్తి పన్నుకు తగిలించారు, చాలా లీజుల్లో ఆ పన్ను అద్దెదారు నెత్తినే పడుతుంది. వీధి కళకళలాడితే అద్దె పెరుగుతుంది. దీపాలకు డబ్బు కట్టినవాడే వాటివల్ల పెరిగిన అద్దె కూడా కట్టాలి. లీజు రెన్యువల్ కాకపోతే బెంచీని వెంట తీసుకుపోలేడు. షాపు ఖాళీగా ఉన్నన్నాళ్లూ లెవీ భరించేది మేమే అని ఓనర్ల జవాబు.

టొరంటో బయటి ఊళ్లకు వర్తించే అంటారియో 2001 మునిసిపల్ చట్టం ప్రకారం పన్ను భరించే అద్దెదారు కూడా సభ్యుడే. ఎన్ని షాపులున్నా ఒక్కటే ఓటు. అయితే కొత్త బీఐఏను ఆపాలంటే, దాని గురించి మునిసిపాలిటీ ఇచ్చే నోటీసు అందాల్సినవాళ్లలో కనీసం మూడో వంతు మంది, అదీ అక్కడి వ్యాపార ఆస్తి పన్నులో మూడో వంతు భరించేవాళ్లు, 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. నోరెత్తనివాళ్లంతా ఒప్పుకున్నట్టే. ఆ నోటీసు ముందు ఓనర్‌కే వెళ్తుంది. దాన్ని అద్దెదారుకు అందించడానికి ఆయనకు 30 రోజుల గడువుంది.