ఆవులు వెళ్లిపోయిన రాతి కొట్టాలు

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ డేల్స్‌లో, పొలాల మధ్య ఉన్న రాతి కొట్టాలను ఇళ్లుగా మార్చుకోనివ్వాలా అన్న తగువు తెగడం లేదు. పాత వ్యవసాయ కట్టడాలను మామూలు ప్లానింగ్ అనుమతి లేకుండానే 10 ఇళ్ల దాకా మార్చుకోవచ్చని 2024 మేలో ప్రభుత్వం సడలించింది. నేషనల్ పార్కులకు మాత్రం, 2014లో ఈ వెసులుబాటు మొదట తెచ్చినప్పటిలాగే, ఈసారీ దాన్ని ఇవ్వలేదు. డేల్స్ నేషనల్ పార్కే.

అందరూ ఈ కథను 2014 నుంచి మొదలుపెడతారు. నా లెక్కలో అసలు మలుపు ఎండుగడ్డి పోయి సైలేజ్, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిల్వ చేసే పచ్చిమేత, వచ్చిన రోజులది.

స్వాలెడేల్ లోయలో రైతు ఇల్లు ఒకచోట, కొట్టం గడ్డి కోసిన చోటే. లోపల ఒక పక్క గడ్డి, ఇంకో పక్క రాతి పలకల అడ్డాల మధ్య నాలుగైదు ఆవులు. చలికాలమంతా రైతే రోజూ నడిచొచ్చి మేత వేసేవాడు. పేడ వసంతంలో అదే చేనుకు ఎరువు. గోడకు లోపలా బయటా రెండు వరసల రాళ్లు, మధ్యలో రాతి ముక్కల పూడిక, రెండిటినీ కలిపి పట్టే పొడవాటి రాళ్లు. వాటి కొసలు గోడ మీద వరసగా పొడుచుకొచ్చి కనిపిస్తాయి. కప్పు కూడా రాతి పలకలే, అంచున పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. తలుపు కాక, గడ్డి తోయడానికి పైన ఒక కంత. కిటికీలు ఉండవు.

సైలేజ్‌ను చుట్టే పెద్ద బేళ్లు, అంటే మేత కట్టలు, ఆ కంతలో పట్టవు. పశువులు ఇంటి పక్క పెద్ద షెడ్లకు మారాయి. సుమారు 6,000 పాత కట్టడాల్లో చాలావాటికి పని లేకుండా పోయింది.

పనికిరాని కొట్టానికి కప్పు ఎలా వేయించాలి, మా పిల్లలెక్కడ ఉండాలి అని రైతులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే 2016 ప్రణాళికలో రోడ్డు పక్క కొట్టాలను మార్చుకోవడానికి పార్కు అధికారులు వీలు కల్పించారు, స్థానికులు ఉండడానికో, పర్యాటకులకు అద్దెకో. చేను నడుమ కొట్టం ఇల్లు కావాలంటే మాత్రం గోడకు కిటికీలు పొడవాలి, గడ్డి నేల మీద బాట వేయాలి, కరెంటు, సెప్టిక్ ట్యాంక్, కారు నిలిపే చోటు కావాలి. స్వాలెడేల్‌ను 1989లోనే కొట్టాలూ గోడల పేరుతో సంరక్షణ ప్రాంతం చేసింది ఈ రూపం కోసమే.

ఇళ్ల కొరతకు ఊళ్లోని రెండో ఇళ్లూ, అంటే వేరేచోట సొంతిల్లు ఉన్నవాళ్లు అప్పుడప్పుడు వచ్చి ఉండే ఇళ్లూ, కారణమే. 2025 ఏప్రిల్ నుంచి నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్ వాటిపై పన్ను రెట్టింపు చేసింది. కొట్టాలకు ముందు కావాల్సింది మరమ్మతు డబ్బు. ఒక్క పలక జారితే చాలు, వాన గోడ లోపలి పూడికలోకి దిగుతుంది, గోడ ఉబ్బుతుంది.